నల్ల సముద్రం గుమ్మం: టర్కీ మూసింది ఎవరికి?

"టర్కీ రష్యాకు దారి మూసేసింది." 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం. సగమే నిజం. మూసింది ఉక్రెయిన్‌కు కూడా. అదీ యుద్ధనౌకలకే, సరుకు ఓడలకు కాదు.

నల్ల సముద్రాన్ని ఒకే గుమ్మం ఉన్న ఇల్లనుకోండి. బాస్ఫరస్, డార్డనెల్స్ జలసంధులే ఆ గుమ్మం. బాస్ఫరస్ బాగా ఇరుకైన చోట వెడల్పు సుమారు 700 మీటర్లే. కాపలా టర్కీది, నియమాలు 1936 నాటి మాంట్రూ ఒప్పందానివి.

ఇంటివాళ్ళకో లెక్క, చుట్టాలకో లెక్క. ఇంటివాళ్ళంటే ఈ సముద్రం ఒడ్డున ఉన్న దేశాలు, మిగతావన్నీ చుట్టాలే. అమెరికా, బ్రిటన్ లాంటి చుట్టాల యుద్ధనౌకలు 21 రోజులకు మించి ఉండకూడదు. అందరివీ కలిపి 30,000 టన్నులు, ఎంత సాగదీసినా 45,000. అమెరికా పెద్ద విమాన వాహక నౌక ఒక్కటే దాదాపు లక్ష టన్నులు! చుట్టాల జలాంతర్గాములకైతే ప్రవేశమే లేదు.

ఇప్పుడు అసలు సంగతి, 19వ అధికరణం. టర్కీ తటస్థంగా ఉంటే, కొట్టుకుంటున్న దేశాల యుద్ధనౌకలకు గుమ్మం మూయాలి. ముఖ్యమైన మినహాయింపు: పడక, అంటే నౌక సొంత స్థావరం, ఇంట్లోనే ఉండి బయట చిక్కుకున్న నౌక తిరిగి రావచ్చు. వచ్చాక మళ్ళీ గడప దాటకూడదు.

ఆ పడక లెక్క రష్యాకు ఎంత ఖరీదైందో చూడండి. 2022 ఏప్రిల్ 14న నల్ల సముద్రంలో రష్యా పెద్ద యుద్ధనౌక, మస్క్వా క్రూజర్ మునిగింది. అదే తరగతి నౌకలు వర్యాగ్, మార్షల్ ఉస్తినోవ్ అప్పుడు మధ్యధరాలోనే ఉన్నాయి. కానీ ఒకదాని పడక పసిఫిక్‌లో, రెండోదానిది ఉత్తర నౌకాదళంలో. మస్క్వా స్థానం భర్తీ కాలేదు. దొడ్డిదారి లేదా అంటారా? ఉంది, రష్యా లోపలి వోల్గా-డాన్ కాలువ. చిన్న నౌకలు పడతాయి, క్రూజర్ పట్టదు.

మరి టర్కీ 1952 నుంచి నాటోలోనే ఉంది కదా? ఉన్నా, 2024 జనవరిలో బ్రిటన్ ఉక్రెయిన్‌కిచ్చిన రెండు మైన్ల ఏరివేత నౌకలను రానివ్వనంది. మొండితనం అన్నారు కొందరు. నాకైతే తెలివే అనిపిస్తుంది: మిత్రుడి కోసం నియమం ఒకసారి వంచితే, రేపు మాస్కో కూడా వంచమంటుంది. మైన్ల ఏరివేతకు అదే నెలలో టర్కీ, రొమేనియా, బల్గేరియా చేతులు కలిపాయి. ముగ్గురూ ఇంటివాళ్ళే, గుమ్మంతో పనిలేదు.

టైమైపోతోంది, 21వ అధికరణం గబగబా. తనకే యుద్ధ ముప్పు ముంచుకొస్తోందనిపిస్తే, యుద్ధనౌకల్ని రానివ్వడం టర్కీ ఇష్టం. అది తప్పని చెప్పే అధికారం ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి మండలికి ఇచ్చారు. ఆ సమితి 1946లోనే రద్దయింది.