పాత బంకు జాగల బోరు

ప్రయోక్త: తర్వాతి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా జాగల 1990ల పెట్రోలు బంకు ఉండె. ట్యాంకులు తీసేసినంక ఇల్లు కట్టినం. వానాకాలం బోరు నీళ్లు జర పెట్రోలు వాసనొస్తయ్, ఎండాకాలం రాదు. టీడీఎస్ బాగనే ఉన్నదన్నరు. తాగొచ్చా?

నిపుణుడు: వద్దమ్మా, ఈ పూట నుంచే ఆపండి. టీడీఎస్ మీటరు ఉప్పులనే చూస్తది, పెట్రోలు దానికి కనబడదు. మనకు కావాల్సిన లెక్క పెట్రోలులో ఉండే బెంజీన్‌ది. ఎముక మూలుగను దెబ్బతీసి రక్త క్యాన్సర్ తెస్తది. డబ్ల్యూహెచ్‌ఓ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ముక్కు పసిగట్టేది సుమారు 10 మిల్లీగ్రాముల దగ్గర, అంటే వెయ్యింతలయ్యాక! వానలకు నీటిమట్టం లేచి, మొరానికి అంటిన పెట్రోలును తాకుతది, అందుకే అప్పుడు వాసన. ఎండాకాలం రాకున్నా నమ్మొద్దు.

శ్రోత: మరిగిస్తే పోదా సార్? ఫిల్టరు గూడ ఉన్నది.

నిపుణుడు: పోతది, మీ వంటింటి గాలిలోకి. వేడినీళ్ల స్నానమైనా అంతే. ఫిల్టరులో కార్బన్ కొంత పట్టుకుంటది గానీ, అది నిండిన సంగతి మీకు తెలవదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. ఆ నల్లా ప్లాస్టిక్ పైపు పాత ట్యాంకు గుంత మీదుగా రావొద్దు, పెట్రోలు పైపు గోడలోంచి కూడా ఇంకుతది.

ప్రయోక్త: పరీక్షకు నీళ్లెట్లా పట్టాలి?

నిపుణుడు: అందరూ బోల్తా పడేది ఇక్కడే. కూల్‌డ్రింకు సీసా పనికిరాదు. ఇలాంటి ఆవిరయ్యే రసాయనాలను కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ యంత్రం ఉన్న ల్యాబును ‘బీటెక్స్’ పరీక్ష, అంటే బెంజీన్, దాని తోటి పెట్రోలు రసాయనాల పరీక్ష అని అడిగి, యాసిడ్ వేసిన 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు తెచ్చుకోండి. వాటిని కడగొద్దు. బోరు పావుగంట నడిపి, పైట్యాంకుకు ఎక్కకముందే, సన్నధారగా సీసా గోడవార పట్టండి. మూతి మీద నీళ్లు ఉబ్బి నిలిచాక మూత బిగించి తలకిందులు చేయండి. కందిగింజంత బుడగ కనబడ్డా మరో సీసా పట్టండి, బెంజీన్ ఆ బుడగలోకి చేరి లెక్క తక్కువొస్తది. ఐసు డబ్బాలో పెట్టి ఇవ్వండి. గడువు 14 రోజులే గానీ, మర్నాడే ఇస్తే మేలు.

శ్రోత: పొద్దున లేస్తే పాపకు తలనొప్పి సార్, కింది గదిలనే పంటది.

నిపుణుడు: వేరే కారణమూ ఉండొచ్చు, డాక్టరుకు చూపించండి, బంకు సంగతి చెప్పండి. ఈలోపు పాపను వేరే గదిలో పడుకోబెట్టండి. నేలలోని పెట్రోలు ఆవిరి బండల సందుల్లోంచి, పైపుల పక్క నుంచి పైకొస్తది. సందులు సిమెంటుతో మూయించి, కిటికీలు తీసి ఉంచండి. గాలి పరీక్ష కూడా చేయించండి. ఇంకోటి, 2000కు ముందు పెట్రోల్‌లో సీసం ఉండేది. పాప ఆడుకునే మట్టిలో అది ఉందేమో కూడా పరీక్ష చేయించండి.