మధుమేహంలో అరికాళ్ల మంట: అది దానంతటదే ఆగిపోతే సంతోషించవచ్చా?

[దృశ్యం: బరంపురంలోని ఒక నేత ఇల్లు. గుంట మగ్గం కింద కాలితో తొక్కే కర్రలు, వాటిపై రెండు ఉత్త పాదాలు.]

నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసే, మధుమేహం ఉన్న మా పెదనాన్నగారు ఒక వేసవి మధ్యాహ్నం బజారు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన ఎడమ కాలికి చెప్పు లేదు. "రెండో చెప్పేదండీ?" అని పెద్దమ్మ అడిగేవరకు అది దారిలో ఎక్కడో జారిపోయిందని ఆయనకు తెలియనే లేదు. పాదం కడిగి చూస్తే మడమ దగ్గర రూపాయి బిళ్లంత బొబ్బ, దాని అంచున తారు మరక కనిపించాయి. అంతకు రెండేళ్ల ముందు అరికాళ్లకు కారం పూసినట్లుందని రాత్రుళ్లు తడిగుడ్డ చుట్టుకొని కూర్చున్న మనిషి ఆయనే. ఆ మంట మందు లేకుండానే తగ్గిందని ఆయనతోపాటు ఇంటిల్లిపాదీ సంతోషించాము. ఆ సంతోషం ఎందుకు పొరపాటో వివరించడానికే ఈ వీడియో.

[దృశ్యం: నడుము నుంచి కాలి వేళ్ల దాకా నరాల రేఖాచిత్రం.]

నడుము దగ్గర మొదలై కాలి వేళ్ల దాకా సాగే నరాలు శరీరంలోకెల్లా పొడవైనవి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరపు పోగులూ, వాటికి రక్తం అందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. పొడవైన నరం ముందుగా దెబ్బతింటుంది కనుక బాధ వేళ్ల కొసల్లో మొదలై, రెండు కాళ్లలోనూ ఇంచుమించు సమానంగా, మేజోడు తొడిగినట్లు పైకి పాకుతుంది. నొప్పినీ వేడినీ తెలిపే సన్నని పోగులు చెడుతున్నప్పుడు కారణం లేకుండానే కబుర్లు పంపుతాయి. చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు ఉండడం, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోవడం, రాత్రివేళ మంట పెరగడం ఇందువల్లనే. లావు పోగులు చెడితే దూదిమీద నడుస్తున్నట్లుంటుంది, కళ్లు మూసుకొని ముఖం కడుక్కునేటప్పుడు ఒళ్లు తూలుతుంది. నొప్పిని తెలిపే సన్నని పోగులు పూర్తిగా నశించాక కబురు పంపేది ఏదీ మిగలదు. మా పెదనాన్నగారి మంట తగ్గింది అందువల్లనే. అసలు మంటా నొప్పీ లేకుండానే స్పర్శ కోల్పోయేవారు కూడా ఈ నరాల జబ్బు ఉన్నవారిలో సగం మంది దాకా ఉండవచ్చు.

[దృశ్యం: ఆసుపత్రి బయట వరుసలో నిలబడిన రోగులు.]

మన ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా కావడంతో, చాలామంది "కాళ్ల నొప్పి" అని రెండు ముక్కల్లో చెప్పి నొప్పి బిళ్లలతో తిరిగి వస్తారు. డాక్టరుకు కావలసింది అది ఎటువంటి నొప్పో తెలియడం. తిమ్మిరిగా ఉంటే "గోడొ ఝిమ్‌ఝిమ్ హెఉఛి" అనండి. మంటగా ఉంటే "జొళాపొడా హెఉఛి" అనండి. స్పర్శ లేకపోతే "గోడొరే కిఛి జొణాపొడునాహి" అనండి. మన గోడ వేరు, వారి గోడొ వేరు. వారి మాటలో అది కాలు. ఎన్ని నెలలుగా ఉన్నదో, రాత్రి పెరుగుతున్నదో లేదో కూడా చెప్పండి.

ప్రతి తిమ్మిరికీ చక్కెరే కారణం కాదు. మెట్‌ఫార్మిన్ అనే చక్కెర మందును ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గి ఇవే లక్షణాలు రావచ్చు. దానికి రక్తపరీక్షా చికిత్సా రెండూ ఉన్నాయి. నడిస్తే పిక్క పట్టేసి, నిలబడగానే వదిలేస్తుంటే రక్తనాళాలను చూపించుకోవాలి. చర్మంపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. సిగ్గుపడి దాచవద్దు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

[దృశ్యం: అరుగుమీద కళ్లు మూసుకొని కూర్చున్న పెద్దాయన, ఎదురుగా మనవరాలు.]

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో రూపొందింది. పెద్దవారు కళ్లు మూసుకోవాలి. మీరు చూపుడువేలి కొసతో వారి కాలి బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కొక్కటిగా, నొక్కకుండా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. రెండు పాదాలకు కలిపి ఆరు తాకిళ్లు. వాటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. డాక్టరు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతోనూ, శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్)తోనూ నిర్ధారిస్తారు. ఎక్కువగా పెద్దవయసులో వచ్చే టైప్ 2 మధుమేహం బయటపడిన రోజు నుంచే ఏటా పాదపరీక్ష చేయించుకోవాలి.

డులోక్సెటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులు మంటను తగ్గిస్తాయి కాని చెడిన నరాన్ని బాగుచేయవు. నరాన్ని కాపాడేది చక్కెర అదుపు. 1993లో ఫలితాలు వెలువడిన అమెరికా, కెనడాల పరిశోధనలో ఇన్సులిన్ తప్పనిసరి అయిన టైప్ 1 రోగులు చక్కెరను గట్టిగా అదుపు చేసినప్పుడు నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. టైప్ 2లో లాభం అంతకన్నా తక్కువే అయినా ఉన్నది.

[దృశ్యం: చెప్పు తిరగేసి దులుపుతున్న చేయి. చింతగింజ ఒకటి నేలమీద పడుతుంది.]

స్పర్శ తగ్గిన పాదానికి కళ్లే కాపలా. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి, తొడుక్కునే ముందు చెప్పు దులపాలి. ఆనెలను బ్లేడుతో కోయకూడదు. ఉప్పు వేసిన వేడినీటిలో కాళ్లు పెట్టడం మన ఇళ్లలో అలవాటే, కాని ఈ పాదాలు నీరు కాలుతున్నదని చెప్పలేవు. ఠాకురాణి యాత్రలో మొక్కు ఉన్నవారు కూడా ఎండవేళ ఉత్తకాళ్లతో నడవవద్దు, అమ్మవారు తప్పు పట్టదు.

పుండు పడినా, వేలు నల్లబడినా, నొప్పి అంతగా లేకుండానే పాదం ఒక్కసారిగా వాచి వేడెక్కి ఎర్రబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. చివరిది ఎముకలు లోపల విరుగుతున్న స్థితి కావచ్చు కనుక ఆ కాలిపై బరువు వేయకుండా, ఎవరైనా పట్టుకొని బండి ఎక్కించాలి.