ముగ్గురాయిలో లేని యూరోపియం

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం లేజర్ పరికరాల్లో వచ్చిన మార్పులు. దాన్ని త్వరగా ముగించి, విద్యార్థి దశలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పుకోనివ్వండి.

రాళ్లలోని మూలకాలను కొలవడానికి 1985లో అలన్ గ్రే అనే శాస్త్రవేత్త రూబీ లేజర్‌తో ఆరంభించిన ఈ పద్ధతిలో నేడు 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం రాతి మీద వెంట్రుక మందమంత గుంట తవ్వుతుంది. లేచిన ధూళిని హీలియం వాయువు అతివేడి ఆర్గాన్ ప్లాస్మాలోకి మోసుకెళితే, అక్కడ అయాన్లుగా మారిన పరమాణువులను మాస్ స్పెక్ట్రోమీటర్ ద్రవ్యరాశి వారీగా లెక్కిస్తుంది. రాయిని ఆమ్లంలో కరిగించే బాధ లేదు, మిలియన్‌లో ఒక వంతు కన్నా తక్కువున్న లేశ మూలకం కూడా దొరుకుతుంది. సుఖం ఇంతవరకే.

మంగంపేట ముగ్గురాయిని, అంటే బెరైట్ ఖనిజాన్ని, కొలిచినప్పుడు విరళ మృత్తికల (యూరోపియం చేరిన లోహ మూలకాల కుటుంబం) గ్రాఫులో యూరోపియం దగ్గర పెద్ద శిఖరం లేచింది. ఉష్ణజలాల నుంచి ఏర్పడిన ఖనిజాల్లో అలాంటి శిఖరం ఉండవచ్చని చదువుకున్నవాణ్ణి కనుక నాకు అనుమానమే రాలేదు. పైగా యూరోపియం ఐసోటోపుల 151, 153 ద్రవ్యరాశులు రెండింటి దగ్గరా శిఖరం ఉంది, కూర్పు ముందే తెలిసిన ప్రామాణిక గాజు నిస్ట్ 612 విలువలు కూడా చక్కగా సరిపోయాయి. మా గురువుగారు ఆ కాగితం చూసి, "ఆ రెండింటిలోంచీ పదహారు తీసెయ్యవయ్యా" అన్నారు. తీస్తే మిగిలినవి 135, 137. రెండూ బేరియం ఐసోటోపులే! ప్లాస్మాలో బేరియం, ద్రవ్యరాశి 16 ఉన్న ఆక్సిజన్‌తో జతకట్టి యూరోపియం వేషం వేసింది. ముగ్గురాయి బరువులో దాదాపు 59 శాతం బేరియమే. అందులో వెయ్యింట ఒక వంతు ఆక్సైడైనా, లేని యూరోపియం మిలియన్‌కు వంద వంతుల దరిదాపుల్లో కనిపిస్తుంది.

మరి గాజు ఎందుకు పట్టివ్వలేదు? వెనుక వరుసలోని విద్యార్థులారా, ఈ ఒక్కటి రాసుకోండి: ఆ గాజులో బేరియం, యూరోపియం రెండూ మిలియన్‌కు 40 వంతుల దరిదాపుల్లోనే ఉంటాయి, కాబట్టి అక్కడ ఆక్సైడ్ ప్రభావం కనబడదు. అది పరికరానికి సాక్షి, మీ రాయికి కాదు. అయినా నేటికీ నా దగ్గరికి పరిశీలనకు వచ్చే వ్యాసాల్లో ఆక్సైడ్ నిష్పత్తి (ఎంత వంతు ఆక్సైడైందో) రాయని పట్టికలే ఎక్కువ; అడిగితే, గాజు సరిపోయింది కదా అని జవాబు వస్తుంది. నాకు కోపం వస్తుంది, దాచను.

ఆ తర్వాత నేను శుద్ధ బేరియం సల్ఫేట్ పొడిని బిళ్లగా నొక్కి, అదే లేజర్ కింద పెట్టాను. అందులోనూ అదే శిఖరం లేచింది. ఆ బిళ్లను ఈరోజు వెంట తెచ్చాను. టీ విరామంలో చూడవచ్చు.