పత్తి కట్టె, ఆవిరి, హైడ్రోజన్

అందరికీ నమస్కారం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ రోడ్డు పట్టి వెళ్లండి. పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో కట్టె పీకి, కుప్పలేసి అంటించిన మంటలు కనిపిస్తాయి. మా నాన్న కూడా అలాగే అంటించేవాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. కట్టెకు మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. చేను ఖాళీ చేయక తప్పదు.

కానీ ఆ మంటలో ఏం పోతోందో చూడండి. ఎండిన కట్టెలో దాదాపు సగం కార్బన్. ఇంధనంగా పనికొచ్చే హైడ్రోజన్ మాత్రం కిలోకు సుమారు 60 గ్రాములే. అయినా బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో ప్రొఫెసర్ దాసప్ప బృందం కట్టె లాంటి జీవపదార్థం కిలో నుంచి 100 గ్రాముల హైడ్రోజన్ తీసింది. లేనిది ఎక్కడి నుంచి వచ్చింది? నీళ్ల నుంచి.

కట్టెకు సరిపడా గాలి అందనివ్వకుండా 700 నుంచి 900 డిగ్రీల వేడిలో ఆవిరి పంపితే, అది మండిపోకుండా హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులుగా విడిపోతుంది. మోనాక్సైడ్‌కు మళ్లీ ఆవిరి తగిలిస్తే నీటిలోని ఆక్సిజన్‌ను లాక్కుని డయాక్సైడ్ అవుతుంది, నీటిలోని హైడ్రోజన్ బయటపడుతుంది. కట్టెలోని కార్బన్ నీళ్లలోంచి హైడ్రోజన్‌ను పిండుతుందన్నమాట. ఇన్నేళ్లయినా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ పనికి అడ్డం పడేది, వాయువులతో పాటే కట్టె నుంచి వచ్చే తారు. కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో దూలాలకు పట్టిన నల్లటి జిగురు చూసే ఉంటారు, అలాంటిదే. పరిశోధనలోకి వచ్చిన కొత్తలో ఒక పొద్దున గొట్టం విప్పితే ముక్కు పగిలే వాసన. లోపల తేనెలా చిక్కటి తారు, చీపురు పుల్ల కూడా దూరలేదు. కింద నికెల్ గుళికలు గోటితో గీకితే మసి ఊడింది. మూడు రోజులు పని ఆగిపోయింది.

ఆ నికెలే మన ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా జరిపించేది. తారు అణువుల్ని తునకలు చేసి, ఆవిరితో కలిపి హైడ్రోజన్‌గా మారుస్తుంది. కానీ చాలా సుకుమారం. మసి పేరుకుంటే పని చేయదు, కాస్త గంధకం తగిలినా చచ్చుబడుతుంది. అందుకే దానికి ముందు ఒక చౌక రాయిని కాపలా పెట్టాలి. డోలమైట్. ఖమ్మం జిల్లా మాదారంలో దాని గనులే ఉన్నాయి. కాల్చిన డోలమైట్ తారులో పెద్ద భాగాన్ని ముందే విరగ్గొడుతుంది. మెత్తటి రాయి, త్వరగా పొడైపోతుంది. అయితేనేం, మార్చుకుంటూ పోవచ్చు. నికెల్‌ను అలా మార్చుకోలేం.

వరి గడ్డి సంగతేమిటని అడుగుతారు. అందులో సిలికా, పొటాష్ ఎక్కువ. వేడికి బూడిద కరిగి గాజులా గడ్డకట్టి కొలిమిని పట్టేస్తుంది. పైగా అది పశువుల నోటి దగ్గరిది. నా ఓటు పత్తి కట్టెకే.

2023 జనవరిలో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్ల రూపాయలు ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టులో ఏది గ్రీన్ హైడ్రోజనో చెబుతూ ఇచ్చిన నిర్వచనంలో జీవపదార్థం నుంచి తీసే హైడ్రోజన్‌కూ చోటుంది, కిలో హైడ్రోజన్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2 కిలోలు మించకూడదన్న షరతుతో. దారి తెరిచే ఉంది.

మిగిలింది రవాణా. కట్టెతో ట్రాలీ నిండుతుంది గానీ తూకం రాదు, డీజిలే మింగేస్తుంది. ముక్కలు కొట్టే మిషనే చేను దగ్గరికి పోవాలి.

మొన్న మా ఊళ్లో ఇదంతా చెబితే పక్క చేను పెద్దాయన ఒక్కటే అడిగాడు: "పీకిన కూలైనా ఎల్తదా బిడ్డా?" మా లెక్కల్లో నికెల్ ధర ఉంది, ఆవిరి ధర ఉంది, కట్టె పీకే కూలి లేదు. ఇప్పుడు దాన్నే మొదటి వరుసలో రాసి లెక్క మళ్లీ వేస్తున్నాను.