అడవి అంటే ఏది సార్?

అందరికీ నమస్కారం.

ఒంటిపూట బడి ముగించుకుని, ఈ ఎండలో బస్సులు పట్టుకుని ఇంతమంది టీచర్లు వచ్చారు. ముందుగా మీకందరికీ కృతజ్ఞతలు. విద్యా విధానం, వాతావరణ మార్పు, అడవులు, ఈ మూడింటి మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మూడు ఉపన్యాసాలకు సరిపోయే సరుకు ఇది. అందుకని మూడింటినీ కలిపే ఒక్క ప్రశ్నను పట్టుకుని మాట్లాడతాను. నేను సాంఘిక శాస్త్రం చెప్పే ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న అది.

ఆరోజు మన దేశంలో అడవుల పాఠం. సతత హరితాలు, ఆకురాల్చేవి, చిట్టడవులు, మడ అడవులు అని బోర్డు మీద రాస్తున్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, మరి మా ఊరి గుట్ట అడవేనా?" అన్నాడు. సెలవుల్లో మేకలు తోలుకెళ్లే పిల్లాడు. మార్కులు ఎప్పుడూ అంతంతమాత్రం. "అది గుట్టరా, అడవెలా అవుతుంది, కూర్చో" అనేశాను. వాడు కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఏ ఆధారంతో కాదన్నానని నన్ను నేను అడుగుకుంటే జవాబు లేదు.

ఇంటికెళ్లి వెతకడం మొదలుపెట్టాను. మన దేశంలో అడవికి ఒక్క అర్థం లేదని అప్పుడు తెలిసింది.

మొదటి అర్థం ఉపగ్రహానిది. రెండేళ్లకోసారి వచ్చే దేశ అటవీ స్థితి నివేదిక లెక్క ప్రకారం, ఒక హెక్టారు అంతకుమించి ఉన్న నేలలో చెట్ల నీడ 10 శాతం పైన ఉంటే అది అటవీ విస్తీర్ణం కిందికి వస్తుంది. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్నది చూడరు. మామిడి తోట రావచ్చు, కొబ్బరి తోట రావచ్చు, జామాయిల్ తోట రావచ్చు. 2023 నివేదిక ఈ పద్ధతిలోనే దేశంలో అటవీ విస్తీర్ణం 21.76 శాతమని, విడి చెట్లను కూడా కలిపితే 25.17 శాతమని చెప్పింది. 1988 జాతీయ అటవీ విధానం పెట్టుకున్న లక్ష్యం మూడో వంతు. మనం పిల్లలకు ఈ శాతాలు బట్టీ వేయిస్తాం, పోటీ పరీక్షల్లో కూడా అడుగుతారు. ఆ శాతంలో ఏమేం కలిసి ఉన్నాయో మాత్రం ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

రెండో అర్థం చట్టానిది. 1980 అక్టోబర్ 25న అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. అయితే ఏది అడవి అనేది అందులో చెప్పలేదు. అడవుల నరికివేత మీద గోదావర్మన్ అనే ఆయన వేసిన కేసులో 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఆ ఖాళీని పూరించింది. రికార్డుల్లో అడవి అని రాసి ఉన్నదే కాకుండా, నిఘంటువు అర్థంలో అడవి అనిపించేదంతా, అది ఎవరి సొంతమైనా సరే, అడవే అంది. ఒక దేశపు చెట్లను నిఘంటువు కాపాడింది! భాష చెప్పే టీచర్లు కూడా ఇక్కడున్నారు. ఒక మాటకున్న అర్థం ఎన్ని లక్షల ఎకరాలను నిలబెట్టగలదో చెప్పడానికి మీకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. ప్రభుత్వం అడవిగా ప్రకటించి నోటిఫై చేసినవి, 1980 అక్టోబర్ 25 నాటికి గానీ ఆ తర్వాత గానీ ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా నమోదైనవి మాత్రమే చట్టం కిందికి వస్తాయన్నారు. అంటే కాగితం మీద లేని అడవి అడవి కాకుండా పోతుంది. దాని మీద కేసులు పడితే, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రస్తుతానికి పాత నిఘంటువు అర్థమే నడవాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025 మార్చిలో, అడవిలాంటి భూములను గుర్తించడానికి నిపుణుల కమిటీలు వేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఈ ఆదేశం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

సరిగ్గా ఆ నెలాఖరునే కదా కంచ గచ్చిబౌలి గొడవ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. రాత్రిపూట లైట్లు వేసుకుని బుల్డోజర్లు పని చేస్తుంటే విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. ప్రభుత్వం ఏమంది? రికార్డుల్లో అది అడవి కాదు అంది. పిల్లలు ఏమన్నారు? నెమళ్లు ఉన్నాయి, జింకలు ఉన్నాయి, చెరువులు ఉన్నాయి, మరి అడవి కాక ఇదేమిటి అన్నారు. మా వెనక బెంచీ వాడు అడిగిన ప్రశ్నే! నేను వాణ్ని కూర్చోబెట్టేశాను. ఆ విద్యార్థులు కూర్చోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 'కంచ' అనే మాట ఎంత చక్కటిదో చూడండి. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే గడ్డి నేల, పొదలు, అక్కడక్కడా చెట్లు. మన భాషలో ఇలాంటి మాటలకు కొదవ లేదు. కంచ, కోన, తోపు, మన్యం, చిట్టడవి, కీకారణ్యం, దేనికదే వేరు. మన పెద్దవాళ్లు నేలను దగ్గర నుంచి చూసి పెట్టిన పేర్లు ఇవి. తర్వాత పన్ను రాని భూమినంతా 'పోరంబోకు' అనే ఒక్క మూటలో కట్టేశారు. ఆ మాట చివరికి మన నోళ్లలో తిట్టయింది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ పిట్టకు చెట్ల అడవి పనికిరాదు, గడ్డి మైదానమే కావాలి. గడ్డి నేలంటే ఖాళీ జాగా అని మనం అనుకున్నంత కాలం ఆ పిట్టకు చోటు లేదు. దేశం మొత్తం మీద ఇప్పుడు బయట స్వేచ్ఛగా బతికే బట్టమేక పిట్టలు 200 కూడా లేవు.

మళ్లీ మా గుట్ట దగ్గరికి వద్దాం. ఒక శనివారం పిల్లలను తీసుకెళ్లాను. నాలుగు కర్రలు, ఒక నవారు తాడు. గుట్ట వాలులో పది అడుగుల చదరం కట్టి, అందులో ఉన్న మొక్కల పేర్లు రాయమన్నాను. నాకు ఐదు దాటి తెలియలేదు. మేకల పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి చూపిస్తూ పోయాడు: తంగేడు, పరికి, బలుసు, తునికి, మోదుగ పిలక, సీతాఫలం, నల్లేరు... మొత్తం పదకొండు. ఏది మేక తింటుంది, ఏది ముట్టదు, ఏ పండు ఎప్పుడొస్తుంది, అన్నీ చెప్పాడు. ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. గుట్ట దిగాక పక్కనే జామాయిల్ తోట. అక్కడా అంతే చదరం కట్టాం. ఎండుటాకులు, కొంచెం గడ్డి, రెండు రకాల మొక్కలు. అంతే.

చెట్ల నీడ లెక్కలో ఆ తోట అడవి కిందికి రావచ్చు. పలచటి చెట్లున్న మా గుట్టను పొదల భూమిగా వేరే గడిలో వేస్తారు. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కర్బనాన్ని పట్టి ఉంచుతామని మన దేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. మంచి మాటే. కానీ పాత అడవిని ఒకచోట కొట్టి, మరోచోట ఒకే రకం మొక్కలు నాటి లెక్క సరిపోయిందంటే, కర్బనం లెక్క ఏమోగానీ ఆ పదకొండు పేర్లు తిరిగి రావు. గుట్ట మీద పడ్డ వాన నెమ్మదిగా ఇంకి బావుల్లోకి రావడం కూడా మారిపోతుంది. మన రోడ్ల మధ్య కోనోకార్పస్ వరసలుగా నాటి, తర్వాత అదే మొక్క వద్దనుకున్నాం. ఏ మొక్క, ఎక్కడ, ఎందుకు అని అడగకుండా నాటితే ఇలాగే అవుతుంది.

ఇక చదువు సంగతి. పర్యావరణ విద్య తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో. 2020 జాతీయ విద్యా విధానం కూడా పర్యావరణ స్పృహ గురించి, అనుభవం ద్వారా నేర్చుకోవడం గురించి బాగానే రాసింది. ఆ రెండేళ్లకే, కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలంటూ, జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సులో సహజ వనరుల నిర్వహణ పాఠాన్ని మొత్తంగా తీసేసింది. భారం తగ్గించాలంటే నాకూ ఇష్టమే. కానీ వడగాలులకు ఒంటిపూట బడులు పెట్టుకునే దేశంలో తీయాల్సిన పాఠం అదేనా? 2024లో, ఇందాక చెప్పిన బట్టమేక పిట్టను కాపాడాలని రంజిత్‌సిన్హ్ అనే ఆయన వేసిన కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలకు ఆ హక్కు ఉందని చెప్పే పాఠం మన దగ్గర లేదు.

బడుల్లో మిగిలిందల్లా మొక్కలు నాటే కార్యక్రమం. నాటడం, ఫొటో తీయడం, అప్‌లోడ్ చేయడం, సాయంత్రంలోగా లింకు పంపాలని మనకు టెన్షన్. ఈ పనిని నేను చిన్నచూపు చూడను, నేనూ నాటించాను, కొన్ని బతికాయి కూడా. కానీ పిల్లలకు మొక్క నాటడం నేర్పి, చెట్టు కొట్టే నిర్ణయం ఎక్కడ, ఎలా జరుగుతుందో చెప్పకపోతే సగం చదువే చెప్పినట్టు.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో మనం చెప్పొచ్చు, కొత్త సిలబస్ కోసం చూడనక్కర్లేదు. గ్రామసభ పాఠం చెప్పేటప్పుడు నియమగిరి కొండల గురించి చెప్పండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2013లో ఒడిశాలో 12 పల్లెల సభలు పెట్టి, బాక్సైట్ తవ్వకం కావాలా అని అడిగితే, పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. మన దగ్గర సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు ఉంది, సుప్రీంకోర్టు 1997 తీర్పు, గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు కుదరవన్నది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని జనం కదిలితే తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. పౌరశాస్త్రం పుస్తకంలో ఉన్నవన్నీ, సభ, కోర్టు, శాసనసభ, ఈ మూడు కథల్లో నడుస్తూ కనిపిస్తాయి.

తెలుగు టీచర్లకు ఒక విన్నపం. పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ అలా చెబుతోంది. ఆ తెలుగు సారాంశం ఒకటి సంపాదించి తొమ్మిదో తరగతిలో చదివించండి. నేను చదివించాను. మొదటి పేజీకే పిల్లలు చేతులెత్తేశారు. ఒక్క వాక్యం నాలుగు లైన్లు, ఒక్క మాటా మనం మాట్లాడేది కాదు. "ఇది తాతకు చదివి చెప్పాలంటే ఎట్లా సార్?" అంది ఒకమ్మాయి. రెండు పీరియడ్లు కూర్చుని ఆ పేజీని వాళ్ల మాటల్లోకి మార్చారు. నా ఉద్యోగంలో అంత మంచి తెలుగు పాఠం నేను చూడలేదు. మన్యంలో పని చేసే టీచర్లు కోయలోకి, సవరలోకి కూడా ఇలాగే మార్పించగలరు.

మా గుట్ట గురించి రెవెన్యూ రికార్డులో ఏముందో మొన్న అడిగి తెలుసుకున్నాను. పోరంబోకు అనే ఉంది. ఇందాక చెప్పిన నిపుణుల కమిటీల ఆదేశం ఇక్కడే పనికొస్తుంది. జూన్‌లో బడి తెరవగానే వానలు పడతాయి, గుట్ట మీద ఇంకొన్ని మొలుస్తాయి. అప్పుడు పది చదరాలు కట్టి, దొరికిన పేర్లన్నీ రాసి, కింద పిల్లల సంతకాలతో జిల్లా అటవీ అధికారికి ఇవ్వాలనుకుంటున్నాం. మొదటి పేజీలో ఆ పదకొండు పేర్లు మేకల పిల్లాడి చేతిరాతలోనే ఉంటాయి. పరికికి రెండు గుడులూ మరిచిపోయి 'పరక' అని రాశాడు. నేను దిద్దబోతే, "ఉండండి సార్, నేనే దిద్దుతా" అని నోటుబుక్కు తీసుకున్నాడు.