మీ చేతిరాతకు పని పెట్టండి

(హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ దినోత్సవం నాడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, ఎన్ఎస్ఎస్ చూసే మేడమ్ గారికి, ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళకు అందరికీ కలిపి ఒకటే నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే టైమంతా దానికే అయిపోతుంది. నేను పోస్టాఫీసు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు రావు. లైన్‌లో నిలబడ్డ మనిషితో మాట్లాడటం వచ్చు, మీతోనూ అట్లనే మాట్లాడతాను.

ఇయ్యాళ సెప్టెంబర్ 24. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, ఇదే రోజు ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, మొదలైంది. 37 యూనివర్సిటీలు, 40 వేల మంది విద్యార్థులు. ఇదంతా నా వెనకున్న ఫ్లెక్సీ మీద రాసే ఉంది కాబట్టి మళ్ళీ చదవను. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు, ఆఖర్న సర్టిఫికెట్. నాకు మాట్లాడాలని ఉన్నది ఆ 240 గంటల గురించే. అవి ఎటు పోతున్నాయి?

మా కాలనీ చివర ఒక ఖాళీ జాగా ఉంది. ఏటా వానాకాలంలో అక్కడికి ఒక కాలేజీ బస్సు వస్తుంది, ఏ కాలేజీ అనేది వదిలేయండి. బ్యానర్ పడుతుంది, ఒక మొక్క చుట్టూ పదిహేను మంది వంగి చేతులు పెడతారు, ఫొటో అయిపోతుంది, బస్సు పోతుంది. ఎండాకాలానికల్లా మేకలు వాటి పని అవి చేసుకుంటాయి. మళ్ళీ వానాకాలం, మళ్ళీ అదే గుంత. గుంతకు మస్తు సర్వీసు ఉంది, మొక్కకే లేదు. నవ్వుతున్నారు కానీ, రిజిస్టర్‌లో మీ గంటలు పడ్డది ఆ గుంతకే.

మొక్కలు నాటొద్దని అనటం లేదు. నాటినవాళ్ళే మార్చిలో బిందె పట్టుకుని రండి అంటున్నాను. రక్తదానం సంగతీ అంతే. పద్దెనిమిదేళ్ళు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే ఇవ్వొచ్చు, మగపిల్లలు మూడు నెలలకోసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకోసారి. కానీ అందరూ జయంతులకు, వర్ధంతులకు ఒకేరోజు ఇస్తారు. ఎండాకాలం సెలవుల్లో మీరంతా ఊళ్ళకు పోయాక బ్లడ్ బ్యాంకులు బోసిపోతాయి. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్ళ ఒంటికి సెలవులుండవు. మేలో ఇవ్వండి. దాని గురించి ఇంతే, ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మీ దగ్గర ఉండి, లైన్‌లో నిలబడ్డ అవ్వ దగ్గర లేనిది ఒకటుంది. చదవటం, రాయటం. మీకది ఎంత అలవాటైపోయిందంటే అదొక ఆస్తి అని కూడా గుర్తుండదు. కౌంటర్ ముందుకొచ్చి "బిడ్డా, జర ఈ కాయితం నింపవా" అని అడిగిన చేతులు నేను చూసినన్ని మీరు చూసి ఉండరు. లైన్ లేనప్పుడు నింపేవాణ్ణి. లైన్ ఉన్నప్పుడు "పక్కన ఎవరినన్న అడుగు అవ్వా" అనేవాణ్ణి. ఆ పక్కన కూర్చునే మనిషి మీరు కావాలి, నేను చెప్పటానికొచ్చింది ఇదే.

ఒక అవ్వ గురించి చెప్పాలి. మేడమ్, టైమ్ చూడకండి, ఇది పూర్తిగా చెప్తాను. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ బిడ్డ దగ్గర ఉంటున్నది. వయసంతా బీడీలు చుట్టింది. మీలో ఎంతమంది అమ్మలు, అమ్మమ్మలు బీడీలు చేస్తారు? చేతులెత్తండి, సిగ్గెందుకు. చూశారా. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పిల్లలుంటే ఇంకా లేస్తాయి. కూలి వెయ్యి బీడీల లెక్కన. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి, ఇదంతా వేళ్ళ కొసలతోనే. ఆ వేళ్ళు చివరికి అద్దంలా నున్నగా అయిపోతాయి. ఆ వేలిని మెషిన్ మీద పెట్టమంటే ఏం పడుతుంది?

ఆమెకు పీఎఫ్ పెన్షన్ వస్తుంది. నెలకు వెయ్యి. 2014లో కనీస పెన్షన్ వెయ్యి చేశారు. ఆ వెయ్యి రావాలంటే ఏడాదికోసారి తాను బతికే ఉన్నానని రుజువు చూపాలి, లైఫ్ సర్టిఫికెట్. వేలిముద్ర పడలేదు, సర్టిఫికెట్ పోలేదు, పెన్షన్ ఆగింది. ఒక ఆఫీసుకు పోతే బ్యాంకుకు పొమ్మన్నారు, బ్యాంకుకు పోతే ఆ ఆఫీసుకే పొమ్మన్నారు. ఏ ఆఫీసు, ఏ బ్యాంకు అని ఇక్కడ చెప్పను. ఆటో కిరాయిలకు పోయినన్ని పైసలు ఆగిన పెన్షన్‌లో ఉన్నయో లేవో. బతికున్న మనిషి, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి, "నేను బతికున్న సారూ" అంటుంటే మెషిన్ ఒప్పుకోవటం లేదని చెప్పి పంపించారు. నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

చివరికి ఆ పని చేసింది ఒక ఇంటర్ పిల్ల. అవ్వ పక్కింట్లో ఉంటుంది. మొఖంతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2021 నుంచీ ఉంది. ఫోన్‌లో రెండు యాప్‌లు వేసుకోవాలి, ఒకటి ఆధార్ ఫేస్ ఆర్డీ, ఇంకోటి జీవన్ ప్రమాణ్. ముందు ఆపరేటర్‌గా మీ ఆధార్, మీ మొఖం. తర్వాత పెన్షన్‌దారు ఆధార్, ఫోన్ నంబర్, పీపీఓ నంబర్ అంటే పెన్షన్ ఆర్డర్ కాయితం మీదుండే నంబరు, బ్యాంకు ఖాతా, చివర్న వాళ్ళ మొఖం. కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటుంది. ఆ పిల్ల "అవ్వా, కండ్లు కొట్టు" అంటే అవ్వ అన్నదంట, "ఈ వయసుల కన్ను గొట్టుమంటవా బిడ్డా, ఎవరన్న జూస్తే ఏమనుకుంటరు!" మూడోసారికి పడింది. ఆగిన నెలలవి కూడా కలిపి పెన్షన్ వచ్చింది. ఆ పిల్లకు ఎవరూ శాలువా కప్పలేదు. నన్ను మాత్రం పిలిచి కప్పారు.

నవంబర్ వస్తోంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఆ నెలలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఎనభై ఏళ్ళు నిండినవాళ్ళు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. మీ గల్లీలో ఎంతమంది ముసలివాళ్ళు ఉన్నారో మీకే తెలుసు. రీల్స్ చూసే ఆ ఫోన్‌తోనే అవుతుంది.

రెండో పని, దరఖాస్తు రాయటం. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. పరకాల నుంచి, కమలాపూర్ నుంచి, ఆత్మకూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. బయట పైసలు తీసుకుని రాసిచ్చేవాళ్ళుంటారు, అది వాళ్ళ బతుకుదెరువు, వాళ్ళ మీద నాకు లొల్లి లేదు. కానీ పైసలు లేక రాయించుకోలేనివాళ్ళు, తెల్లకాయితం మీద రెండు ముక్కలు గీకి లోపలికి పోయేవాళ్ళు కూడా ఉంటారు. మీరు రాసిపెట్టండి. ఎట్లా రాయాలో కూడా చెప్తాను, ఎందుకంటే బీకాం చదివినవాళ్ళు కూడా "గౌరవనీయులైన" దగ్గర మొదలుపెట్టి రెండు పేజీలు బాధంతా రాసి, ఏం కావాలో రాయటం మర్చిపోతారు. ఒక కాయితంలో ఒకటే సమస్య. ఊరు, మండలం, ఫోన్ నంబర్. భూమి సంగతైతే సర్వే నంబరు, పాసుబుక్కు నంబరు. ఇంతకుముందు ఎప్పుడు అర్జీ పెట్టారు, రసీదు నంబరెంత. చివర్న ఒకే వాక్యంలో ఏం చేయాలని అడుగుతున్నామో. రెండు నకళ్ళు, రెండోదాని మీద ముద్ర వేయించుకోవాలి. వేలిముద్ర పెట్టించే ముందు మొత్తం గట్టిగా చదివి వినిపించాలి. ఇది మాత్రం తప్పనిసరి. తన పేరు మీద ఏం రాశారో తెలియకుండా ఎవరూ వేలు పెట్టొద్దు.

పేర్ల పంచాయతీ వేరే ఉంటుంది. ఒకే మనిషి ఆధార్‌లో లక్ష్మి, బ్యాంకు బుక్కులో లచ్చమ్మ, పీఎఫ్ కాయితంలో లక్ష్మీబాయి. సగం పనులు అక్కడే ఆగుతాయి. ముందు మూడు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005ది. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నా అర్జీ ఎవరి టేబుల్ మీద ఉంది అని అడగటం తిట్టటం కంటే బాగా పనిచేస్తుంది.

2023 జులై వరదలు గుర్తున్నాయా? భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగిపోయింది, ఇక్కడ మన కాలనీల్లోకీ నీళ్ళొచ్చాయి. పులిహోర పొట్లాలు, దుప్పట్లు పట్టుకుని మస్తు మంది పోయారు, మంచిదే. వారం తర్వాత పొట్లాలు ఆగాయి. అప్పుడు జనం తడిసిన పాసుబుక్కులు, పిల్లల మెమోలు ఎండలో ఆరేసుకుని కూర్చున్నారు. డూప్లికేట్ మెమోకు ఎక్కడ అడగాలి, ఓటీపీ వచ్చే సిమ్మే నీళ్ళల్లో పోతే ఆధార్ ఎట్లా తీయాలి అని చెప్పే మనిషి కావాలి ఆ రోజు.

ఇది కొత్త సంగతి కాదు. మన హనుమకొండలోనే 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు, నిజాం రాజ్యంలో. అక్షరం వచ్చినవాళ్ళు దాన్ని తమ ఇంట్లో దాచుకుంటే ఆ గ్రంథాలయం ఉండేది కాదు. ఎప్పుడైనా లోపలికి పోయి చూడండి. మీలో సగం మంది దాని ముందు నుంచే పోతుంటారు.

జాగ్రత్తలు రెండే. ఎవరి ఆధార్ ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోవద్దు, పని కాగానే వాళ్ళ ముందే తీసేయండి. పైసలు తీసుకోవద్దు, చాయ్ కూడా మీ పైసలతోనే తాగండి.

ప్రిన్సిపాల్ గారూ, మీకొక విన్నపం, ఇంతమంది ముందు అడిగితే కాదనరని ఇక్కడే అడుగుతున్నాను. సోమవారం పొద్దున నలుగురు పిల్లలను వదలండి, వారానికి నలుగురు, వంతులవారీగా. ఆ గంటలను 240లో రాయండి. తలూపారు, మేడమ్ గారు చూశారు, నేనూ చూశాను.

వచ్చేవాళ్ళు పేర్లు మేడమ్ దగ్గర ఇవ్వండి. తెల్లకాయితాలు, స్టాంప్ ప్యాడ్ నేను తెస్తాను. పెన్నులు మాత్రం మీవి, ఒక్కొక్కరు రెండు తెచ్చుకోండి, అక్కడ ఒకటి ఎవరో ఒకరు అడిగి తీసుకుపోతారు. టిఫిన్ తినేసి రండి, మధ్యాహ్నం దాకా లేవటానికి ఉండదు.