స్టామినా కాదమ్మా, రక్తం

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. కూర్చున్నవారు: ఒక ఫిజీషియన్, ఒక ఫిట్‌నెస్ కోచ్, హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్న ఒక విద్యార్థిని. మొదటి పది నిమిషాలూ పరిచయాలకే పోయాయి. అవి వదిలేశాం.)

యాంకర్: ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకున్న ఫిట్‌నెస్ రీల్స్ ఎన్ని అన్నావ్?

విద్యార్థిని: 143 అండి. చేసినవి రెండో మూడో. (నవ్వులు) రాత్రి పదకొండింటికి మంచమెక్కాక చూస్తాం. పొట్ట తగ్గాలని ఒక్కసారి కొడితే చాలు, వారం దాకా అవే వస్తుంటాయి. చెప్పే మాట కన్నా ముందు ఆవిడ నడుము కనిపిస్తుంది. అంత సన్నగా ఉందంటే తెలిసే చెబుతోంది అనుకుంటాం.

యాంకర్: అమ్మనో, ఇంకెవరినో అడగొచ్చుగా?

విద్యార్థిని: అమ్మనడిగితే "బాగానే ఉన్నావ్, ఇంకో ముద్ద తిను" అంటుంది. జిమ్‌లో లేడీస్ టైమింగ్ పదకొండు నుంచి నాలుగు. అప్పుడు మాకు క్లాసులు. సాయంత్రం వెళ్తే బరువుల వైపంతా అబ్బాయిలే. ఫోనైతే నవ్వదు కదండి.

కోచ్: ఆ టైమింగ్ పెట్టేటప్పుడు చదువుకునే పిల్లల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా దగ్గరికొచ్చే అమ్మాయిలు మొదట అడిగేది ఒకటే, బరువులెత్తితే మగరాయుళ్లలా అయిపోతామా అని. మన పక్క శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. పాతికేళ్లు దాటినా అదే ప్రశ్న! అంత కండ రావడానికి కావాల్సిన టెస్టోస్టెరాన్ హార్మోన్ మనకు మగవాళ్ల కన్నా చాలా తక్కువ. ఇంకోటి, పొట్టకి వ్యాయామం చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందనేది ఉత్త మాట. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవడం, రెండు రోజులు బరువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అంతే. ఇది చెబితే రీల్‌కి లైకులు రావు.

యాంకర్: నువ్వు పడిపోయిన సంగతి చెబుతానన్నావ్.

విద్యార్థిని: బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కదండి, అప్పుడు పరిగెత్తుదామని నేనూ రూమ్మేటూ మొదలుపెట్టాం. కాళీమాత గుడి దగ్గర బయల్దేరితే సబ్‌మెరైన్ మ్యూజియం దాకా కూడా వెళ్లలేకపోయేదాన్ని. గుండె దడ, కళ్ల ముందు చీకట్లు. స్టామినా పెంచుకోవడం ఎలా అని వెతికా. ఒకరు ప్లాంక్ వ్యాయామం అన్నారు, ఒకరు బీట్‌రూట్ జ్యూస్ అన్నారు, ఇంకొకరు పదహారు గంటలు ఏమీ తినొద్దన్నారు. టిఫిన్ మానేశా. మూడో వారం కొబ్బరిబోండాల బండి పట్టుకుని అక్కడే కూలబడిపోయా. ఆ బండి ఆవిడ బోండాం కొట్టిచ్చి, "ఏటమ్మా, పొద్దున్నుంచి ఏటీ తిన్లేదేటి?" అని అడిగింది.

డాక్టర్: చూశారా, 143 రీల్స్‌లో ఒక్కటీ అడగని ప్రశ్న ఆవిడ అడిగింది. ఈ అమ్మాయి స్టామినా గురించి అడిగింది, ఫోన్ స్టామినా గురించే చెప్పింది. నా దగ్గరికొస్తే నెలసరి ఎన్ని రోజులమ్మా, టీ ఎన్నిసార్లు అని ముందు నేనే అడుగుతా.

విద్యార్థిని: (కాస్త ఆగి, కెమెరా వైపు చూడకుండా) ఏడు రోజులండి. టీ నాలుగుసార్లు. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది.

డాక్టర్: 12 ఉండాలి. ఈ అమ్మాయి ఒక్కతే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్ మోసే సరుకే తక్కువైతే ప్లాంక్ ఏం చేస్తుంది చెప్పండి?

యాంకర్: మరి ఈ ప్రొటీన్ డబ్బా? (బల్ల మీద పెట్టారు. పెద్దదే.)

డాక్టర్: నీ బరువెంతమ్మా?

విద్యార్థిని: 52.

డాక్టర్: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలోకి 0.83 గ్రాములు, అంటే రోజుకు 43. రెండు గుడ్లలో 12, గుప్పెడు పల్లీల్లో ఏడు. మిగతాది పప్పు, పెరుగు, అన్నంలోంచే చాలావరకు వచ్చేస్తుంది. కండల కోసం పౌడర్లు వద్దని 2024లో ఆ సంస్థే చెప్పింది.

కోచ్: అంత గట్టిగా నేననలేను డాక్టర్ గారూ. హాస్టల్ పప్పు మీరు చూసినట్టు లేదు, గరిటె తిప్పితే గాని గింజ తగలదు. గుడ్డు తినని పిల్లలున్నారు. బరువులెత్తేవాళ్లకి 43 చాలదు కూడా.

డాక్టర్: ఆ పప్పు సంగతి ఒప్పుకున్నా. కానీ కొనమని చెప్పేదెవరు? రీల్ కింద డిస్కౌంట్ కోడ్ పెట్టుకున్నవాళ్లు. తమ మాట డాక్టర్ సలహాకి బదులు కాదని స్పష్టంగా చెప్పాలని 2023లోనే కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలిచ్చింది. ఎప్పుడైనా కనిపించిందా?

విద్యార్థిని: ఒకసారి. చివర్లో, చీమ తలకాయంత అక్షరాల్లో.

యాంకర్: ఇప్పుడెలా ఉంది?

విద్యార్థిని: ఐరన్ మాత్రలు మూడో నెలండి. మొన్న సబ్‌మెరైన్ దాటాను. నడుస్తూనే అనుకోండి.

డాక్టర్: మాత్ర టీతో వేసుకోవట్లేదుగా? టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకో. విరేచనం నల్లగా అవుతుంది, అది మాత్ర వల్లే. దానికి మళ్లీ ఫోన్‌లో...

విద్యార్థిని: వెతికేశానండి. రాత్రి పదకొండింటికే.

(నవ్వులు. విరామం.)